అటకెక్కే అలంకారం మనకొద్దు

ఆగస్టు నెలాఖరులో డలాస్ ఎండ ఎలా ఉంటుందో ఈ బ్లాగు చదివేవాళ్ళలో సగం మందికి నేను చెప్పక్కర్లేదు. సరిగ్గా ఆ రోజుల్లో ఏసీ కింద కూర్చుని ఫోను చూసుకుంటుంటే, "వంద డాలర్లలోపే మీ పోర్చికి ఫాల్ (శరత్తు) కళ" అంటూ ఒక వీడియో ఎదురైంది. చేసినమ్మాయి చాకులాంటి పిల్ల. డాలర్ షాపులో థర్మోకోల్ గుమ్మడికాయలు కొని వాటికి సుద్దరంగు పూసింది. తీగ చట్రానికి ప్లాస్టిక్ మేపుల్ ఆకులు గ్లూగన్‌తో అంటించి, గుండ్రటి దండ చేసి తలుపుకు తగిలించింది. కుర్చీ మీద గళ్ళ దుప్పటి, మెట్ల పక్కన "హలో ఫాల్" అని రాసిన చెక్క. ఆఖర్న బిల్లు చూపించింది: 96 డాలర్ల చిల్లర. కింద అందరూ మెచ్చుకున్నారు.

కూడికలో తప్పేమీ లేదు. కాకపోతే లెక్క సగంలో ఆగిపోయింది. నవంబరు చివర్లో వచ్చే థ్యాంక్స్‌గివింగ్ దాటాక ఆ సరుకంతా ఎక్కడికి పోతుందో ఆ అమ్మాయి చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు.

ఇంటి ముందు పెట్టే వస్తువు రెండు రకాల్లో ఏదో ఒకటై ఉండాలన్నది నా వాదన. సీజను అయ్యేసరికి పోయేదైనా కావాలి, అంటే కుళ్ళిపోవడమో, ఎండిపోవడమో, మనం వండుకు తినేయడమో జరగాలి. లేకపోతే ఏడాది పొడుగునా అక్కడే ఉండిపోయేదైనా కావాలి. రెండు నెలలు గుమ్మంలో, పది నెలలు అటక మీద ఉండే మూడో రకం ఒకటుంది. డాలరుకే దొరికినా సరే, బడ్జెట్‌ని తినేసేది అదే.

అటకకూ అద్దె ఉంది

ఉత్తర టెక్సాస్ ఇళ్ళకు నేలమాళిగలు అరుదు. ఇక్కడి మట్టి వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోయే రకం కాబట్టి, కాంక్రీటు పలక పోసి దాని మీదే ఇల్లు లేపుతారు. దాచుకోవడానికి మిగిలేది గరాజు, అటక. వేసవిలో అటక మీద వేడి 120 డిగ్రీల ఫారెన్‌హీట్ అవలీలగా దాటుతుంది. పోయినేడు గ్లూగన్‌తో అంటించిన ఆకులు ఆ వేడికి ఊడొచ్చి డబ్బా అడుక్కి చేరతాయి. థర్మోకోల్ కాయలు సొట్టలు పడి, వాటి రంగు వీటికి, వీటి రంగు వాటికి అంటుకుంటుంది. సెప్టెంబరులో నిచ్చెనేసి డబ్బా దించి, మూత తీసి చూసుకుని, "ఈసారికి కొత్తవి కొందాంలే" అనుకోని ఇల్లు మా వీధిలో ఉందని నేననుకోను. పాతవి మాత్రం పారేయం. చవకగా కొన్న అలంకారాలతో వచ్చే చిక్కు అదే. మళ్ళీ పెట్టడానికీ మనసొప్పదు, పారేయడానికీ మనసొప్పదు.

ఆపైన డబ్బాల ఖర్చు. అక్టోబరు 31న వచ్చే హాలోవీన్‌కు నారింజ మూతవి, క్రిస్మస్‌కు ఎర్ర మూతవి. ఆ డబ్బాలు పెట్టడానికి గోడకు అరలు. అరలు చాలకపోతే రెండు కార్ల గరాజులోంచి ఒక కారు బయటికి. వేల డాలర్లు పోసి కొన్న కారు వసంతకాలపు వడగళ్ళకు డ్రైవ్‌వేలో నిలబడి ఉంటుంది, ఆరు డాలర్ల థర్మోకోల్ గుమ్మడికాయ గరాజులో నీడపట్టున ఉంటుంది. ఈ దృశ్యం చూడాలంటే ఏ శనివారం పొద్దున అయినా మన కమ్యూనిటీల్లో గరాజు తలుపులు తెరిచే వేళకు అలా నడిచి రండి.

2023లో హాలోవీన్ మీద అమెరికా జనం 1,220 కోట్ల డాలర్లు పెడతారని దుకాణదార్ల సంఘం నేషనల్ రిటైల్ ఫెడరేషన్ అంచనా వేసింది. అందులో అలంకారాల పద్దు 390 కోట్లు. పిల్లలకు పంచే చాక్లెట్ల పద్దు అంతకంటే తక్కువ. పండగే పిల్లలు తలుపు తట్టి చాక్లెట్లు అడగడం అయినప్పుడు, తలుపు బయటి సరంజామాకి చాక్లెట్లను మించి పెడుతున్నామంటే ఎక్కడో బండి ముందుకీ గుర్రం వెనక్కీ తిరిగినట్టే ఉంది.

ఎవరి శరత్తు, ఎవరి గుమ్మం

ఆ వీడియోలు, పత్రికల్లో బొమ్మలు చూపించే ఫాల్ వెర్మాంట్‌ది, న్యూహాంప్‌షైర్‌ది. సెప్టెంబరు చివరికల్లా మేపుల్ చెట్లు ఎరుపెక్కే చోటు అది. మా వీధిలో బిల్డరు నాటినవి చాలావరకు లైవ్ ఓక్‌లు. అవి చలికాలమంతా పచ్చగానే ఉండి, వసంతంలో చిగుళ్ళు వచ్చేటప్పుడు పాత ఆకు దులుపుకుంటాయి. ఆ పచ్చటి చెట్టు కింద, ఆ పచ్చటి లాన్ పక్కన, ప్లాస్టిక్ మేపుల్ ఆకులు చల్లి ఉంటాయి సెప్టెంబరు మొదటివారంలో. ఇక్కడ నిజంగా రంగు మారే షూమార్డ్ ఓక్, సీడర్ ఎల్మ్ లాంటివి నవంబరు సగం అయితే గానీ కదలవు.

ఇది అందచందాల గొడవే అయితే నేను పట్టించుకునేదాన్ని కాదు. ఎవరి సరదా వాళ్ళది. కానీ దీని వెనక డబ్బుంది. కోసిన గుమ్మడికాయ బాగా నిలవుండాలంటే 50, 55 డిగ్రీల ఫారెన్‌హీట్ చల్లదనం, పొడి గాలి కావాలి. అలాంటి చోట దెబ్బ తగలని కాయ రెండు మూడు నెలలు ఉంటుంది. పడమటి ముఖం పోర్చిలో సెప్టెంబరు ఎండలో పెడితే అడుగు మెత్తబడి, సిమెంటు మీద మచ్చ వదిలి, చుట్టూ చిన్న ఈగలు మూగుతాయి. అప్పుడు అక్టోబరులో మళ్ళీ కొంటాం.

చామంతిదీ అదే కథ. పగలు పొట్టిగా, రాత్రి పొడుగ్గా అయ్యాక మొగ్గ తొడిగే మొక్క అది. పగటి పొడవుకీ పూతకీ ఉన్న ఈ లంకెను 1920లో అమెరికా వ్యవసాయశాఖ శాస్త్రవేత్తలు గార్నర్, అల్లార్డ్ బయటపెట్టారు. వేరే మొక్కల మీద చూసిన సంగతే చామంతికీ వర్తించింది. ఆ కిటుకు తెలిసింది కాబట్టే, సాయంత్రం పెందలాడే నల్లగుడ్డ కప్పి రాత్రయిందని మొక్కను నమ్మించి, సీజను కంటే ముందే పూయించగలుగుతున్నారు పెంపకందార్లు. షాపు గుమ్మంలో నిండుగా విరిసిన ఆ గుండ్రటి కుండీ మన ఇంటికొచ్చి, 95 డిగ్రీల్లో వారం తిరిగేసరికి గోధుమరంగుకు తిరుగుతుంది. అక్టోబరులో మళ్ళీ కొంటాం.

ముందుగా కొనడమంటే ఇక్కడ రెండుసార్లు కొనడమే. షాపువాడికి ఆగస్టులోనే ఫాల్ రావాలి, ఎందుకంటే అక్టోబరుకల్లా వాడికి క్రిస్మస్ చెట్లు పెట్టుకునే చోటు కావాలి. వాడి పంచాంగం వాడిది. మన గుమ్మానికి దాన్ని అన్వయించుకోనక్కర్లేదు.

అందుకే నా బడ్జెట్ చిట్కా ఏమిటంటే, ఆగడం. గ్లూగన్ అక్కర్లేదు. హాలోవీన్ రాత్రికి పోర్చి లైటు, రెండు కాయలు చాలు. లైటు వెలుగుతుంటే ఆ ఇంట్లో చాక్లెట్లు ఇస్తారని పిల్లలకు గుర్తు, దాన్ని మించిన అలంకారం వాళ్ళు అడగరు. నవంబరు ఒకటో తారీఖు పొద్దున్నించి అసలు ఆట మొదలవుతుంది. నిన్నటిదాకా ఎనిమిది, పది డాలర్లున్న గుమ్మడికాయ షాపులో సగానికీ పావుకీ దిగుతుంది. గడ్డిమోపులు, మొక్కజొన్న దంట్ల కట్టలు జనం రోడ్డువారగా పెట్టేస్తారు, అడిగితే సంతోషంగా ఇచ్చేస్తారు. ఇక్కడ గాలి చల్లబడేది అప్పుడే, ఆకు రంగు తిరిగేది అప్పుడే. థ్యాంక్స్‌గివింగ్ నవంబరు నాలుగో గురువారం కాబట్టి మూడు వారాల పైన పోర్చి కళకళలాడుతుంది. గుమ్మడికాయ హాలోవీన్ ముందు ఎంత అందంగా ఉందో తర్వాతా అంతే అందంగా ఉంటుంది. ముఖం చెక్కకుండా ఉంచితే చాలు. చెక్కిన కాయకు మాత్రం ఆయుష్షు తక్కువ, మన వేడిలో నాలుగైదు రోజులు.

ఊరికే దొరికే గడ్డి గురించి ఒక మాట. గింజ దులిపేశాక మిగిలిన ఎండుగడ్డి వేరు, పశువుల మేతగా కోసిన గడ్డి వేరు. మేతగడ్డిలో గింజలుంటాయి. నాలుగు చినుకులు పడితే మోపు మోపే మొలకెత్తి బూజు పడుతుంది. పసుపుపచ్చగా, పుల్ల బోలుగా ఉన్నది చూసి తెచ్చుకోండి. సీజను అయ్యాక విప్పి మొక్కల మొదట్లో పరిస్తే అదే పోతుంది. ఇంకోటి, మన ఇళ్ళకు మాత్రమే ఉన్న బెడద. 2024లో దీపావళి సరిగ్గా అక్టోబరు 31నే వచ్చింది. ఒకే మెట్ల మీద ప్రమిదలు, మొక్కజొన్న దంట్లు, వాటి మధ్యలోంచి నేల జీరాడే వేషాలతో పక్కింటి పిల్లలు. ఎండుగడ్డి ఉన్న చోట నూనె దీపం పెట్టొద్దు, అంతే. బ్యాటరీ దీపాలకు లక్ష్మీదేవి అలగదు.

చామంతి కంటే బంతి

పోయేవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది బంతి. ఇది నా తెలుగు పక్షపాతం అనుకునేరు. టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం వ్యవసాయ విస్తరణ విభాగం వాళ్ళే ఫాల్‌లో చామంతికి బదులు పెద్దపూల బంతి వేసుకోమని చెప్పి, దానికి "మేరీమమ్" (బంతికి మేరీగోల్డ్, చామంతికి మమ్) అని పేరు కూడా పెట్టారు. వసంతంలో వేసిన బంతిని ఇక్కడి వేసవిలో ఎర్రనల్లి తినేస్తుంది. ఆకు కింద సన్నటి గూడు కట్టి రసం పీల్చేసే పురుగు అది. వేసవి చివర్లో నాటిన బంతికి ఆ పీడ తగ్గుతుంది, చలి మొదలయ్యేకొద్దీ పువ్వు రంగు చిక్కబడుతుంది. డలాస్‌లో మొక్కలను చంపే మొదటి చలి సగటున నవంబరు మూడో వారం దాటాకే. అంటే బతుకమ్మ నించి దసరా, హాలోవీన్, దీపావళి మీదుగా ఇంచుమించు థ్యాంక్స్‌గివింగ్ దాకా ఒకే మొక్క. ఏ ప్లాస్టిక్ దండ అయినా ఇన్ని పండగలు చేయగలదేమో చెప్పండి.

ఖర్చంటారా, ఒక్క విత్తనాల పొట్లం. అది కూడా మొదటి ఏడే. ఎండిన పువ్వు రేకలు పట్టి లాగితే నల్లటి సూదుల్లాంటి విత్తనాలు వస్తాయి, కాగితపు కవర్లో వేసి సొరుగులో పడేస్తే మళ్ళీ జులైకి సిద్ధం. అటక అక్కర్లేని నిలవ. సంకరజాతి విత్తనమైతే మరుసటేడు పువ్వు కాస్త చిన్నదో, రంగు తేడాదో రావచ్చు. దానికి బెంగపడక్కర్లేదు.

బంతి మనదని మనం అనుకుంటాం, పెళ్ళిపందిరికి అది లేనిదే కాదు. నిజానికి దాని పుట్టిల్లు మెక్సికో. యూరోపువాళ్ళ ఓడలెక్కి మన దగ్గరికొచ్చింది. గుమ్మడిదీ ఇదే ఖండం, మొక్కజొన్నదీ ఇదే. టెక్సాస్ గుమ్మంలో బంతిపూలు చూసి "ఇండియన్ స్టైల్" అన్న ఒకావిడకు ఈ సంగతి చెబితే, ఆవిడ నన్ను అనుమానంగా చూసింది. మంచిదే, వచ్చే ఏడు ఆవిడ గుమ్మంలోనూ బంతి చూస్తానేమో.

అమ్మా, పక్కింటి గుమ్మడికాయలూ

విజిటర్ వీసా మీద అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు అక్టోబరు. సాయంత్రం నడకకు వెళ్తూ రెండు వీధులు చూసి ఆగిపోయింది.

"ఏంటే, ఊరందరికీ ఒకేసారి దిష్టి తగిలిందా? ఇంటింటికీ గుమ్మడికాయ పెట్టారు."

దిష్టికి కాదమ్మా, అందానికి అన్నాను.

"మరి వండుకోరూ?"

"వండుకోరు. నెలపోయాక చెత్తలో వేస్తారు."

అమ్మ ఇంకేమీ అనలేదు గానీ, ఆ రోజు నించీ నడకలో ప్రతి ఇంటి మెట్ల దగ్గరా ఒక్క క్షణం ఆగేది. పక్కింటావిడ కాయల్ని అయితే వంగి, వేలితో కొట్టి మరీ చూసింది. ఆవిడ కిటికీలోంచి గమనించిందని నాకు తర్వాత తెలిసింది. నవంబరు మొదటివారంలో ఆవిడ రెండు కాయలు మోసుకొచ్చి తలుపు కొట్టింది, "మీ మదర్‌కి కావాలేమోనని". అందులో ఒకటి నున్నటి నారింజ కాయ, రెండోది చపటగా, లోతైన గాళ్ళతో గోధుమరంగుకు తిరిగినది. అమ్మ రెండిటినీ దప్పళంలో వేసి చూసింది, వేర్వేరు రోజుల్లో. మొదటిది పీచు, నీళ్ళు, రుచీ పచీ లేదు. రెండోది ఉడికిన వాసనకే మా ఆయన వంటింట్లోకొచ్చాడు.

కారణం సులువే. ముఖాలు చెక్కడానికి అమ్మే కాయల్ని పెంచింది నిటారుగా నిలబడడానికి, కండ పల్చగా ఉండి కత్తి దిగడానికి, తొడిమ గట్టిగా ఉండడానికి. రుచి ఎవరికీ పట్టలేదు. ఫెయిరీటేల్ అనీ, లాంగ్ ఐలాండ్ చీజ్ అనీ అమ్మే చపట కాయలు అలా కాదు. అవి మన కూరగుమ్మడి జాతివే, మాస్కాటా. సిండరెల్లా అనే ఎర్రకాయ, జారాడేల్ అనే నీలిబూడిద కాయ ఇంకో జాతి, అవీ కూరకు బాగుంటాయి. చెప్పొచ్చేదేమిటంటే, పోర్చిలో అందంగా కనబడేవీ ఇవే. బొమ్మల్లో చూసి జనం ఎగబడే "డిజైనర్" గుమ్మడికాయలు ఇవే. ధర కొంచెం ఎక్కువ, కాదనను. కానీ పులుసులోకీ హల్వాలోకీ వెళ్ళే కాయ ధరను అలంకారం పద్దులో రాయకూడదు, కూరగాయల పద్దులో రాయాలి. అప్పుడు పోర్చి ఖర్చు సున్నా. మా ఆయన దీన్ని దొంగలెక్క అంటాడు.

తినాలనుకున్న కాయకు రంగు వేయొద్దు, నిలవకోసమని బ్లీచు పూయొద్దు, మేకు దించొద్దు. తొడిమ పట్టుకుని ఎత్తొద్దు, అది విరిగిన చోటినించే కుళ్ళు మొదలవుతుంది. అడుగున అట్టముక్కో చెక్కముక్కో వేస్తే సిమెంటు చెమ్మ తగలదు. రాత్రి గడ్డకట్టే చలి అంటే లోపలికి తెచ్చేయండి. ఒకసారి గడ్డకట్టిన కాయ కరిగాక పనికిరాదు. మెత్తబడినచోటు కనిపిస్తే మాత్రం మొహమాటం లేకుండా కంపోస్టుకే.

నా వాదనకు చిల్లులు

ఎదురింట్లో రిటైరైన టీచరమ్మ ఉంటారు. ఆవిడ మెట్ల మీద ఏటా అవే కాయలు, పింగాణీవి నాలుగు, చెక్కవి రెండు. వాళ్ళ పిల్లలు బడికెళ్ళే రోజుల్లో కొన్నవట. ఆ పిల్లలకే ఇప్పుడు పిల్లలు. నా సిద్ధాంతం విని ఆవిడ నవ్వి, "నువ్వు ఏటా కొంటావు, నేను కొని ముప్పై ఏళ్ళయింది" అన్నారు. దానికి నా దగ్గర సరైన జవాబు లేదు. ఆవిడ వస్తువులు అచ్చంగా మూడో రకమే, సందేహం లేదు. కానీ అవన్నీ కలిపి ఒక్క అట్టపెట్టె, అది ఉండేది హాల్లో కోట్ల అలమారులో. ఆవిడకు చవకైంది పింగాణీ వల్ల కాదేమో, ఏడో కాయ కొనకపోవడం వల్ల. ఆ నిగ్రహం ఉన్నవాళ్ళకు నా నియమం అక్కర్లేదు. నాకు లేదు, వీడియోలు చూసే చాలామందికి ఉండదు, ఎందుకంటే ఆ వీడియోల పనే ఏడో కాయ కొనిపించడం.

పని గురించి ఇంకో అభ్యంతరం. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో జులైలో బంతి విత్తనం చల్లి, నీళ్ళు పోసి, నవంబరులో రోడ్డువారన గడ్డి ఏరుకురావడం ఎవరికి కుదురుతుంది? డబ్బా దించి, పెట్టి, మళ్ళీ ఎక్కించడం ఒక్క మధ్యాహ్నం పని. నిజమే. టైముకూ ధర కడితే నా పద్ధతి చవక కాకపోవచ్చు. సెప్టెంబరు చివర్లో నర్సరీలో బంతి నారు, పచ్చిమొగ్గ మీదున్న చామంతి కుండీ ఒకటి తెచ్చుకుని ఊరుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు. డలాస్‌లో గుమ్మడికాయలు తెచ్చి మెట్ల మీద పేర్చి, సీజను కాగానే వచ్చి తీసుకుపోయే సర్వీసులు కూడా ఉన్నాయి, బిల్లు వందల డాలర్లు అవుతుంది. హాస్యం కాదు, నా నియమం ప్రకారం అదీ సబబే. అటక మీదికి ఏదీ ఎక్కదు కదా. బడ్జెట్ మాట మాత్రం ఎత్తకూడదు.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టే ప్రశ్న వేరు. "పోయేది మంచిది" అంటున్నానే, అది పోయేది ఎక్కడికి? ప్లాస్టిక్ సంచిలో కట్టి చెత్తబండికిస్తే గుమ్మడికాయ చెత్తకుప్ప అడుగున గాలి తగలకుండా కుళ్ళి మీథేన్ వదులుతుంది. దానికంటే పదేళ్ళు వాడిన థర్మోకోల్ కాయే నయమని ఎవరైనా అంటే నేను గట్టిగా కాదనలేను. కాబట్టి పోవడమంటే మట్టిలోకి పోవడం అని సవరించుకున్నాను. పెరట్లో జానెడు గొయ్యి తీసి, పారతో నాలుగు ముక్కలు చేసి పూడిస్తే వసంతానికి ఆనవాలుండదు. ఒక్కోసారి మేలో తీగ లేస్తుంది, అది వేరే సంతోషం. మేకలు, పందులు పెంచేవాళ్ళు రంగు పడని కాయలు తీసుకుంటారు. అమెరికాలో డబ్బా గుమ్మడి గుజ్జుకు పేరుపడ్డ ఇల్లినాయ్‌లో అయితే హాలోవీన్ వెళ్ళాక జనం కాయలు తెచ్చి పగలగొట్టి కంపోస్టుకిచ్చే రోజులు పెడుతున్నారు. మన దిష్టి గుమ్మడికాయ కొట్టే సరదా వాళ్ళకూ అర్థమైనట్టుంది.

ఉండిపోయేవి

డబ్బు పెట్టాల్సినది నిజానికి వీటి మీద. గట్టి బెంచీ ఒకటి, మట్టికుండీలు మూడు, వెచ్చటి వెలుతురిచ్చే లైటు. కుండీలో మొక్క మారుతుంది, కుండీ మారదు. ఇవేవీ లేకపోయినా, నీళ్ళ పైపుతో పోర్చి కడిగి, మూలల్లో సాలెగూళ్ళు దులిపి, లైటు బుడ్డి తుడిచి చూడండి. బడ్జెట్ అలంకారంలో మొదటి అంకం చీపురే. దీని మీద ఎవరూ వీడియో చేయరు, చీపురు ఏటా కొత్తది కొనిపించలేరు కాబట్టి.

"మీ గుమ్మానికున్న ప్లాస్టిక్ మామిడాకుల తోరణం మాటేమిటి?" అని మా అమ్మాయి అడిగింది, ఇది రాస్తుండగా భుజం మీదుగా చదివి. అది ఉండిపోయే రకం. గృహప్రవేశం నాడు కట్టింది, ఇంకా దిగలేదు. ఎండకు కాస్త వెలిసింది, అంతే. మా కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం (హెచ్‌ఓఏ) కూడా దాని జోలికి రాలేదు. గుమ్మానికి మతపరమైన వస్తువులు పెట్టుకోవడాన్ని హెచ్‌ఓఏలు అడ్డుకోకూడదని టెక్సాస్‌లో 2011లోనే చట్టం వచ్చింది. మొదట్లో 25 చదరపు అంగుళాల హద్దు ఉండేది, 2021లో దాన్నీ సడలించారు. 25 చదరపు అంగుళాలంటే మన తోరణంలో రెండు ఆకులు పట్టవు.

బెంచీ అన్నాను కదా, అది వేయడానికి చోటుండాలి. అమెరికాలో కొత్తగా కట్టే ఇళ్ళలో పోర్చి ఉన్నవి 1990ల మొదట్లో సగానికి తక్కువ, ఇప్పుడు సగం కంటే బాగా ఎక్కువ. ఫ్లోరిడాలో 1980ల్లో కట్టిన సీసైడ్ అనే ఊళ్ళో అయితే ముందు పోర్చి తప్పనిసరని నిబంధనే పెట్టారు, జనం మళ్ళీ వీధిలోకి ముఖం తిప్పాలని. ఉద్దేశం మన అరుగుదే. కానీ ఆరడుగుల లోతు లేని పోర్చిలో మనిషి స్థిమితంగా కూర్చోలేడు, మన బిల్డర్లు ఇచ్చేవి చాలావరకు నాలుగడుగులు. అది ఫోటోకోసం కట్టిన పోర్చి, అందుకే దానికి ఫోటోకోసం అలంకారం. మా పోర్చీ అలాంటిదే. బెంచీ వేశాక తలుపు తీయడానికి ఒక పక్కకు ఒదగాలి. అయినా వేశాం. అమ్మ ఉన్న నాలుగు నెలలూ సాయంత్రాలు దాని మీదే. ఆ కాలంలో మాకు తెలిసిన పొరుగువాళ్ళు అంతకుముందు ఏళ్ళ తరబడి తెలిసినవాళ్ళకంటే ఎక్కువ.

ఇక మా ఇంట్లో ఇంకా తేలని పంచాయితీ ఒకటుంది. ఇంటిసామాన్లు అమ్మే హోమ్ డిపో షాపు 2020లో 12 అడుగుల అస్థిపంజరాన్ని 299 డాలర్లకు తెచ్చినప్పటినించీ మా అబ్బాయికి అది కావాలి. నా నియమం చూపించాను: పోదు, ఉండదు, అటకెక్కుతుంది, ఆ మాటకొస్తే అటకలో పట్టదు కూడా. వాడు రెండు రోజులు ఆలోచించి వచ్చాడు. కొంతమంది దాన్ని అసలు దించరట. డిసెంబరులో శాంటా టోపీ, ఫిబ్రవరిలో చేతికో గుండెబొమ్మ, వేసవిలో చలువ కళ్ళద్దాలు. "అప్పుడది ఉండిపోయే రకమే కదా అమ్మా, సంక్రాంతికి పంచె కడదాం." నియమం ప్రకారం వాడన్నది కరెక్టే. హెచ్‌ఓఏ ఒప్పుకోదు అన్నాను. మతపరమైన వస్తువని రాసిచ్చేద్దాం అంటున్నాడు. వాళ్ళ నాన్న ఏ పక్షమో ఇంకా తేల్చలేదు.